బాట్లకు పండగ తెలియదు

3 ఆగస్టు, ఆదివారం

అమ్మ మోకాలు ఇంకా పూర్తిగా తగ్గలేదు. అందుకే ఈ వారం కూడా మడికొండ వెళ్లలేదు.

సాయంత్రం ఏడింటికి ఆట తెరిచాను. స్క్రాప్ హైవేలో మనుషులు దొరికేది ఆ ఒక్క గంటే. అటు ఎనిమిది బండ్లు, ఇటు ఎనిమిది బండ్లు ఉంటేగాని మ్యాచ్ మొదలవదు. ఇవాళ నిజమైన మనుషులు అయిదారుగురు ఉన్నారేమో, మిగతావన్నీ బాట్లు. పేర్లు మనుషులవే పెడతారు, నడిపేది కంప్యూటర్. ఇన్నేళ్లు ఆడినవాడికి చూడగానే తెలిసిపోతుంది. బాటు మలుపులో తడబడదు, తుపాకీ గుండు తగిలినా ఉలిక్కిపడదు, ఊరికే హారన్ కొట్టదు.

ఒక బండి మాత్రం కొట్టింది. మూడు చక్రాల బండి, మ్యాచ్ మొదలవగానే ముందుకు రాకుండా వెనక్కి నడుచుకుంటూ వచ్చింది. పేరు పచ్చిపులుసు. నా లారీ పక్కనుంచి పోతూ రెండుసార్లు హారన్ కొట్టింది.

నేనూ రెండు కొట్టాను. రోడ్డు మీద ఎదురైతే ఎవరైనా కొడతారు. అంతకు మించి ఏమీ లేదు.

4 ఆగస్టు

మహితే. అలా వెనక్కి నడిపేవాళ్లు ఇంకెవరున్నారు. కట్టుకున్న భార్యను గుర్తుపట్టడానికి ఒక రోజు పట్టిందని రాసుకుంటే నాకే నవ్వొస్తోంది. నిన్ననే తెలుసు.

ఉద్యోగంలో చేరాక ఆట మానేసింది. మళ్లీ ఎందుకు మొదలుపెట్టిందో. ఒక్కతే ఉంటే పొద్దుపోక అయ్యుంటుంది.

7 ఆగస్టు

వాన. సెంటర్లో రెండు జిరాక్సులు, ఒక ఆధార్ ప్రింటు.

నెట్ సెంటర్ అని అలవాటు కొద్దీ రాస్తున్నాను. ఒకప్పుడు గదినిండా సిస్టమ్‌లుండేవి, కుర్చీ కోసం కాశిబుగ్గ పిల్లలు మెట్ల మీద వరస కట్టేవారు. ఇప్పుడు రెండు సిస్టమ్‌లు మిగిలాయి. ఒకదాని మీద ప్రింట్లు తీస్తాను, ఇంకోదాని మీద ఆట ఆడతాను. మిగతా చోటంతా అమ్మ నూలు కండెలు పెట్టుకుంది. నాన్న పోయాక మగ్గం ఆగింది గాని అమ్మ చేతులు ఆగలేదు. పక్కింటి వాళ్ల జంపఖానాలకు నూలు చుట్టిపెడుతుంది.

ఏప్రిల్‌లో మహితతో మడికొండ వెళ్లాను. ఐటీ పార్కులో, అమెరికా దవాఖానల బిల్లులు చూసే కంపెనీలో ఆమెకు పని. మూడో అంతస్తులో రెండు గదులు, గాలి బాగా వచ్చేది. జూన్‌లో అమ్మ నల్లా దగ్గర జారిపడింది. నాలుగు రోజులుండి వస్తానని వచ్చాను.

మహిత ఫోన్ చేయదు. నేనూ చేయను. ముందు ఎవరు చేయాలన్నది ఒక సంగతి ఉంది కదా.

12 ఆగస్టు

ఎనుమాముల వెళ్లి శేఖర్‌ను కలిశాను. సెంటర్ పెట్టాక ఒక్కనాడూ బోణీ చేయకుండా పోనివ్వనివాడు, ఇప్పుడు మార్కెట్ యార్డులో ట్రాలీ ఆటో నడుపుతున్నాడు. మిర్చి సీజను కాదు గనక యార్డు బోసిగా ఉంది. కోల్డ్ స్టోరేజీ బస్తాల మీద కూర్చుని చాయ్ తాగాం. ఏడింటికి ఒకసారి లాగిన్ కారాదా, మనుషులు తక్కువైతున్నారు అన్నాను.

"పొద్దంత నిజం బండి నడుపుతాన మామా. ఇంటికి పోయినంక మళ్ల ఉత్త బండి నడపాల్నా?" అన్నాడు.

"మరి నీ కొడుకు?"

"వాడు ఫోన్లనే ఆడతాండు. అండ్ల మనిషుంటడు, తుపాకుంటది, ఎక్కుదామంటే జీపు గూడ ఉంటది. మీదాంట్ల బండి తప్ప ఏమున్నది? దిగి నడుద్దామంటే కాళ్లు లెవ్వాయె."

ఏడిపించడానికే అన్నాడు గాని అందులో అబద్ధమేమీ లేదు. పెద్ద పెద్ద తుపాకీ ఆటలన్నీ బండ్లను కూడా తమలో కలిపేసుకున్నాయి. హోటల్లో భోజనంతోపాటు పెరుగు ఊరికే ఇస్తుంటే, పెరుగొక్కటే అమ్మేవాడి దగ్గరికి ఎవరొస్తారు. పైగా మా ఆట నేర్చుకోవడానికి నెలలు పడుతుంది. ఏ ఇనుప రేకు ఎక్కడ బిగించాలి, ఎంత బరువుకు ఏ ఇంజను, ఏ మలుపులో ఎంత జారాలి. కొత్తవాడు వచ్చి మొదటి మ్యాచ్‌లోనే నాలాంటి ముసలి లారీ కింద పడి నుజ్జవుతాడు. మళ్లీ రాడు. వాడు రాకపోతే మ్యాచ్ కోసం నేను ఇంకాస్త ఎదురుచూడాలి. ఎదురుచూడలేక నా పక్కవాడు పోతాడు. అప్పుడు ఇంకా ఎక్కువ ఎదురుచూపు. తుపాకీ పట్టకుండానే, ఒట్టి ఎదురుచూపే ఆటను చంపేసింది. ఖాళీలు నింపడానికి కంపెనీ బాట్లను దింపింది. అవి వచ్చాక ఉన్న ఆ కొద్దిమందికీ గెలుపు చప్పబడింది.

ఇలాంటి బండ్ల యుద్ధం ఆటలు నాకు తెలిసి అరడజను మూతపడ్డాయి. ప్రతిదానికీ అయ్యో అనుకున్నాను. మనది మాత్రం ఉంటుందనుకున్నాను.

"ఆట సంగతి సరే, వదినె ఎట్లున్నది?" అన్నాడు శేఖర్ లేచేటప్పుడు.

బాగానే ఉందన్నాను. నిన్న నన్ను వంతెన మీద నుంచి తోసేసింది, ఆ లెక్కన బాగానే ఉన్నట్టు.

19 ఆగస్టు

ఇవాళ ఒకే జట్టు. రెండు హారన్లు.

20 ఆగస్టు

ఎదురు జట్టు. రెండు హారన్లు, తర్వాత గుద్దింది.

24 ఆగస్టు

ఒక సంగతి గమనించాను. మనుషులు తగ్గేకొద్దీ మేమిద్దరం ఎదురుపడటం ఎక్కువవుతోంది. మొదట్లో నాలుగు మ్యాచ్‌లకు ఒకసారి కనిపించేది. ఇప్పుడు ప్రతి మ్యాచ్‌లోనూ ఉంటోంది. ఉన్నదే అయిదుగురైతే ఆట మాత్రం ఎవర్ని తెచ్చి కూర్చోబెడుతుంది.

చాట్ పెట్టెను కంపెనీ పోయినేడే తీసేసింది. బూతులు చూసుకోవడానికి జీతమిచ్చి మనిషిని పెట్టలేక కావచ్చు. మిగిలింది హారన్ ఒక్కటే. నాకు సంతోషమేమీ లేదు. రోజూ వచ్చే బహుమతి నాణేల కోసం లాగిన్ అవుతాను. ఆ నాణేలతో కొనడానికి కూడా ఏమీ లేదు, అది వేరే మాట.

30 ఆగస్టు

మెయిల్ వచ్చింది. అక్టోబర్ పదో తారీఖున సర్వర్లు ఆపేస్తున్నారట. ఇన్నాళ్ల ప్రయాణంలో తోడున్నందుకు ధన్యవాదాలట. బస్సు మధ్యలో దింపేసి కండక్టర్ దండం పెట్టినట్టుంది.

రెండుసార్లు చదివాను. అన్నం సయించలేదు. నలభై దగ్గరపడుతున్నవాడు ఆట పోతోందని అన్నం మానేస్తే అమ్మకు ఏం చెప్పను. కడుపులో బాగాలేదన్నాను.

అమ్మ మోకాలు ఇంకా పూర్తిగా తగ్గలేదు.

2 సెప్టెంబర్

తను రాలేదు.

3 సెప్టెంబర్

రాలేదు. కరెంటు పోయి ఉంటుంది.

4 సెప్టెంబర్

రాలేదు. ఐటీ పార్కు లైన్లో కరెంటు పోదు.

ఒక్కణ్నే బాట్ల మధ్య తిరిగాను. ఒక బాటు పేరు మొగిలయ్య అని ఉంది. పాపం ఎవరి పేరు ఎత్తుకొచ్చారో. దానికి రెండు హారన్లు కొట్టాను. అది నన్ను కాల్చింది.

5 సెప్టెంబర్

వచ్చింది. రెండు హారన్లు కాదు, పొడుగ్గా ఒకటి కొట్టింది. జలుబు చేసిన మనిషి గొంతులా అనిపించింది నాకు. హారన్‌కు జలుబేమిటి. అయినా అడగాలనిపించింది. ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. ముందు ఎవరు చేయాలన్నది ఒక సంగతి ఉంది కదా, పెట్టేశాను.

14 సెప్టెంబర్

అసలు సంగతి ఇక్కడైనా రాసుకోకపోతే ఎక్కడ రాసుకుంటాను.

మేలో ఒక ఆదివారం మహిత ఆఫీసు స్నేహితురాలు శోభారాణి మడికొండ ఇంటికి భోజనానికొచ్చింది. మంచి మనిషి. అన్నం తింటూ నన్ను మామూలుగా అడిగింది, "అన్నా, మీరేం జేస్తరు?" అని. నేను నోరు తెరిచేలోపు మహిత, "బిజినెస్" అంది. అని, పప్పు గిన్నె అటు జరిపింది.

అంతే జరిగింది. తిట్టలేదు, చిన్నచూపు చూడలేదు. కాని ఆ మాట ముల్లులా దిగబడింది. నేనేం చేస్తానో చెప్పడానికి ఆమెకు సిగ్గేసింది, అబద్ధం చెప్పి నన్ను కాపాడింది. కాపాడటమే నాకు కష్టంగా ఉంది. తర్వాత ఐటీ పార్కు గేటు ముందు ఒక షెటర్ ఖాళీగా ఉంది, ప్రింట్లు, ప్రాజెక్టు రిపోర్టులు మస్తుగ నడుస్తయి, చూసి రారాదా అని నాలుగుసార్లు అంది. చూస్తానన్నాను. అమ్మ జారిపడింది.

21 సెప్టెంబర్

ఎంగిలిపూల బతుకమ్మ. తంగేడు, గునుగు తెచ్చిపెట్టాను. పూలు పేరుస్తూ అమ్మ అంది:

"పండుగకన్న మడికొండ పోతవా బిడ్డా?"

"నీ మోకాలు తగ్గనీయవే."

అమ్మ పూలు పక్కన పెట్టి నా మొహంలోకి చూసింది. "ఆడరాక మద్దెల ఓడన్నట్టు, నీకు పోబుద్ధి కాకుంటే నడుమ నా మోకాలేం జేసింది? నిన్న కూరగాయల మార్కెట్ దాక నడిచిపోయి వచ్చిన. నువ్వు ఆ డబ్బ ముంగట కూసోని చూడకపోతివి."

"డాక్టర్ జాగ్రత్తగ ఉండుమన్నడు కదా."

"డాక్టర్ నన్ను ఉండుమన్నడు, నిన్ను గాదు. పిల్ల ఒక్కతే ఉంటాంది ఆడ."

నేను లోపలికి వెళ్లి ప్రింటర్ తుడిచాను.

24 సెప్టెంబర్

దసరా దగ్గరికొస్తుంటే సెంటర్ గుర్తుకొస్తోంది. పొద్దున్నే మానిటర్లకు, మౌసులకు బొట్లు పెట్టి, షెటర్ ముందు గుమ్మడికాయ కొట్టేవాళ్లం. మహిత అప్పుడు డిగ్రీ. పరీక్ష ఫలితాలు చూసుకోవడానికొచ్చి, ఖాళీ కుర్చీ కనిపిస్తే ఆటకు కూర్చుంది. ఆర్నెల్లలో మా అందరినీ వెనక్కి నడుపుతూ గుద్దడం మొదలుపెట్టింది. మొదట్లో నన్ను అందరిలాగే అన్నా అని పిలిచేది. ఆ సంగతి మా పెళ్లిలో శేఖర్ మైకు పట్టుకుని చెప్పాడు, వాడి నోరు పడ.

వాళ్ల నాన్న లారీ మెకానిక్. ఒక దసరాకు మేమంతా ఆట మొదలుపెట్టబోతుంటే ఆపింది. "బండికి నిమ్మకాయ తొక్కియ్యకుండ కదిలిస్తరా?" అంది. ఆటలో నిమ్మకాయలెక్కడివి అన్నాను. దారికి అడ్డంగా వేసే డ్రమ్ములుంటాయి కదా, వాటికి పసుపు రంగు వేసి చూపించింది. ఇక ఏటా అదే ఆనవాయితీ. ఆటలో మేం మాత్రమే ఉండే సొంత గది తీసుకుని, తుప్పు వంతెన మీద బండ్లన్నీ వరసగా నిలిపి, చక్రాల కింద పసుపు డ్రమ్ములు పెట్టి తొక్కించేవాళ్లం. అందరి డ్రమ్ములూ పగిలేదాకా ఎవరూ కాల్చకూడదు. కాల్చినవాడు అందరికీ బిర్యానీ పెట్టాలి. శేఖర్ మూడుసార్లు పెట్టాడు.

ఆ సొంత గదులు ఇప్పుడు లేవు. పోయిన నెలే మూసేశారు.

30 సెప్టెంబర్

సద్దుల బతుకమ్మ. అమ్మ చీకటి పడేదాకా ఆడింది. మోకాలు పట్టుకునే ఆడి ఉంటుంది, దూరంనుంచి సరిగా కనిపించలేదు.

1 అక్టోబర్

రేపు గాంధీ జయంతి, దసరా ఒకేరోజు పడ్డాయి. రేపు మాంసం అమ్మరు గనక మటన్ దుకాణం ముందు ఊరంతా ఇవాళే ఉంది. అరగంట నిలబడి తెచ్చాను. వరసలో ఉండగా రంగు మార్చే పద్ధతి గుర్తొచ్చింది. ఇంటికొచ్చి డ్రమ్ములకు పసుపు వేసి పెట్టాను. ఊరికే.

3 అక్టోబర్

నిన్న రాయలేదు. వరసగా రాస్తాను.

పొద్దున స్కూటర్ కడిగి, పూజ చేసి, నిమ్మకాయలు తొక్కించాను. సాయంత్రం అమ్మ జమ్మి ఆకు చేతిలో పెట్టి, పెద్దమనుషులకు పెట్టి రమ్మంది. పోతానని చెప్పి ఆట ముందు కూర్చున్నాను. ఏడు కాలేదు ఇంకా.

ఏడింటికి మ్యాచ్ దొరికింది, దారి తుప్పు వంతెన వచ్చింది. నా అదృష్టం అనుకున్నాను గాని, మిగిలినవే మూడు దారులు. మహిత ఎదురు జట్టు. మ్యాచ్ మొదలవగానే నేను కాల్పులు ఆపేసి లారీని వంతెన మధ్యకు తెచ్చి నిలిపి, చక్రం ముందు నా పసుపు డ్రమ్ము వేశాను. తనకు గుర్తుంటుందో లేదో, గుర్తున్నా చేస్తుందో లేదో. గుద్ది కిందికి తోసినా న్యాయమే అనుకున్నాను.

వెనక్కి నడుచుకుంటూ వచ్చింది. నా పక్కన సరిగ్గా బారెడు దూరంలో నిలిపింది. దాని వెనకనుంచి ఒక డ్రమ్ము దొర్లింది. పసుపుది.

నాకు కళ్లలో నీళ్లొచ్చాయి. తుడుచుకోలేదు, రెండు చేతులూ పనిలో ఉన్నాయి.

బాట్లకు పండగ తెలియదు. నా జట్టు బాట్లు వచ్చి తనను కాల్చడం మొదలుపెట్టాయి. మూడు చక్రాల బండి ఎంతసేపు ఆగుతుంది. లారీని అడ్డంగా తిప్పి తనకూ వాటికీ మధ్య పెట్టాను. సొంత జట్టు గుండ్లు నాకు తగలవు. అటువైపు తన జట్టు బాట్లు నా మీదికొస్తే, ఆ మూడు చక్రాల బండి కూడా తిరిగి నాకు అడ్డం నిలబడింది. ఇద్దరం ఒకరికొకరం గోడలా నిలబడి, కొంచెం కొంచెంగా కదిలి డ్రమ్ములు తొక్కించాం. రెండూ పగిలాయి. తను రెండు హారన్లు కొట్టింది, నేను రెండు కొట్టాను. మ్యాచ్ అయిపోయింది.

వెంటనే తెర ఎర్రబడింది. ప్రత్యర్థితో కుమ్మక్కైనట్టు సిస్టమ్ గుర్తించిందట. ఖాతా పద్నాలుగు రోజులు మూసివేత. ఎవరికి మొరపెట్టుకోవాలన్నా అవతల మనిషంటూ లేడు. ఎనిమిది రోజుల్లో ఆటే మూతపడుతుంది. అంటే నా ఆట అయిపోయింది. తనను రోజూ చూసే ఆ గంట కూడా అయిపోయింది. పండగపూట కావాలని చేసుకున్నట్టుంది.

ఫోన్ మోగింది. మహిత.

"నీకు గూడ పడ్డదా?" అంది. నాలుగు నెలల తర్వాత మొదటి మాట.

"పడ్డది. పద్నాలుగు దినాలు."

"నాకు గంతే. గేమే వచ్చే శుక్రారం మూస్తాండ్రు, పద్నాలుగు దినాల బ్యాన్ ఎవనికి?"

ఇద్దరం నవ్వాం. నవ్వు తను ముందు ఆపింది.

"ఇగ యాడ కలుస్తం మరి?"

నా నోటికి అలవాటైన మాటే వచ్చింది. "అమ్మ మోకాలు జర..."

"అత్తమ్మ మొన్న బతుకమ్మ ఆడిన వీడియో నాకు పంపింది. నాకన్న మంచిగ ఆడుతాంది. నువ్వు రాకుంటే రాకపోతివి, ఆమె మోకాలును ఎందుకు బద్నాం జేస్తవ్?"

తను ఫోన్ పెట్టలేదు. చివరికి అడిగేశాను.

"ఆ దినం శోభారాణి అడిగితే బిజినెస్ అని ఎందుకు చెప్పినవ్?"

"గదా నీ కోపం?" అంది. "నువ్వు అన్నంల వేలు పెట్టి తలకాయ వంచుకున్నవ్. ఏమనాల్నో తోచక అన్న. నీకు సిగ్గయితాందని అన్న, నాకు సిగ్గయి గాదు. ఏం చెప్పాల్నో నువ్వు చెప్పు, రేపు ఆమెకు గదే చెప్త."

"నాకూ తెల్వది."

"అయితే తెల్వదనే చెప్దాం తియ్."

ఆ మాటతో భుజాల మీదనుంచి ఏదో దిగినట్టైంది. ఎన్నాళ్లనుంచి మోస్తున్నానో అలసట అప్పుడే తెలిసింది.

"జమ్మి పట్టుకొని రా. కాజీపేట బ్రిడ్జి కాడ రోడ్డు బాగలేదు, నిమ్మళంగ నడుపు," అంది.

అమ్మ గడపలోనే ఉంది. మటన్ కూర డబ్బా అప్పటికే సంచిలో పెట్టి ఉంది. ఇది ఎప్పుడు కట్టావంటే చెప్పదు. కాళ్లకు దండం పెట్టి జమ్మి చేతిలో పెట్టాను. "అటే ఉండు కొన్ని దినాలు," అంది.

మడికొండలో ఇంటి కింద స్కూటర్ ఆపాను. మూడో అంతస్తు వైపు చూసి రెండు హారన్లు కొట్టాను. బాల్కనీలో ఎవరూ లేరు. చీకట్లో పార్కింగ్ లోపలినుంచి రెండు హారన్లు వినిపించాయి. తన స్కూటీ మీద కూర్చుని ఉంది. ఎప్పుడొచ్చి కూర్చుందో.

వాచ్‌మన్ గట్టయ్య లేచి వచ్చాడు. "ఏం లొల్లి సారు పండుగపూట, ఇద్దరికిద్దరు?" అన్నాడు.

ముందు ఆయనకే జమ్మి పెట్టాను.

10 అక్టోబర్, మడికొండ

ఆట ఇవాళ మూతపడింది. ఎన్ని గంటలకో తెలియదు. అన్నం కుక్కర్ మీద పెట్టి విజిళ్లు లెక్కపెడుతుంటే గుర్తొచ్చింది. బాట్లన్నీ ఏమైపోయి ఉంటాయో. బాధగా ఉంది, లేదని చెప్పుకోను.

నిన్న ఇద్దరం గొడవపడ్డాం, షెటర్ గురించే. ఇంట్లో గొడవకు హారన్ పనికిరాదు, మాట్లాడాల్సి వచ్చింది. చూస్తానన్నాను. పొద్దున వెళ్లి చూశాను కూడా. చిన్నది, ఎండ కొడుతుంది. ఇంకా ఏమీ తేల్చలేదు.

అమ్మ ఫోన్ చేసింది. మోకాలెట్లుందే అని అడిగాను. "మళ్ల మొదలువెట్టినవా?" అంది.

అమ్మ మోకాలు తగ్గింది. జూలైలోనే తగ్గింది.